కదలలేని మొక్క – కదలలేని హోటల్
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాతో, "మాస్టర్ సాబ్, పిల్లలకు కొంచెం సైన్సు చెప్పండి, పెద్దలకు పనికివచ్చేది కూడా ఏదైనా చెప్పండి, రెండూ అరగంటలో ముగించండి" అన్నారు. పిల్లల కోసం మొక్కల నడవడిని గురించి రాసుకున్నాను. పెద్దల కోసం హోటల్ వ్యాపారాన్ని గురించి రాసుకున్నాను. మన సంఘంలో హోటల్‌తో సంబంధం లేని కుటుంబం తక్కువ గదా. ఒకరు బావర్చీ, ఒకరు టీ మాస్టర్, ఒకరు గల్లా మీద కూర్చునేవారు, ఒకరు గల్ఫ్‌లో సంపాదించిన డబ్బుతో రేపో మాపో హోటల్ పెట్టాలనుకునేవారు. రాసుకున్న రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటిలోనూ ఒకే పాఠం కనిపించింది. అందుకని కలిపే చెబుతాను. నేను ఉర్దూ మీడియం పంతుల్ని గనుక హిసాబు, నఫా, నుక్సాన్ అనే మాటలు మధ్యలో దొర్లుతాయి. అవి మీ ఇళ్లలోని మాటలే.

ముందు మొక్క సంగతి. మేత లేకపోతే మేక ఇంకో చేనికి పోతుంది. ఎండ ఎక్కువైతే కుక్క అరుగు కిందికి దూరుతుంది. మొక్కకు ఆ వీలు లేదు. విత్తనం పడిన చోటే దాని పుట్టుక, సంసారం, చావు. నీళ్లు రాకపోయినా, పురుగు పట్టినా, పక్కన పెద్ద చెట్టు లేచి ఎండను అడ్డుకున్నా అక్కడే నిలబడి తట్టుకోవాలి. కదలదు గనుక మొక్క ఏమీ చేయదని మనం అనుకుంటాం. అసలు సంగతి వేరు. పారిపోలేదు గనుకనే అది చాలా పనులు నేర్చుకున్నది.

ఈ సంగతిని మన దేశంలో యంత్రాలతో కొలిచి చూపినవారు జగదీశ్ చంద్ర బోస్. 1858లో పుట్టి 1937లో చనిపోయిన ఈ బెంగాలీ శాస్త్రవేత్త క్రెస్కోగ్రాఫ్ అనే పరికరం తయారుచేసి, కంటికి ఆనని మొక్క పెరుగుదలను వేల రెట్లు పెంచి చూపారు. అత్తిపత్తి మొక్క మీద ఎన్నో ప్రయోగాలు చేసి, తాకినప్పుడు దానిలో విద్యుత్ సంకేతం నడుస్తుందని నిరూపించారు. 1917లో ఆయన కలకత్తాలో స్థాపించిన పరిశోధనా సంస్థ నేటికీ పనిచేస్తున్నది.

అత్తిపత్తి అంటే పిల్లలందరికీ తెలుసు. మన ఇళ్లలో ఛుయీముయీ అంటాం. వేలు తగిలితే చాలు, ఆకులు ముడుచుకుంటుంది. పశువు మేయకుండా అది చేసుకున్న ఏర్పాటు అది. అయితే ముడుచుకోవడం ఊరికే రాదు. ముడుచుకున్నంతసేపూ ఆకు మీద ఎండ తక్కువ పడుతుంది, ఆహారం తక్కువ తయారవుతుంది. అంటే ప్రతి భయానికీ ఒక ఖర్చు ఉన్నది. 2014లో మోనికా గాగ్లియానో అనే శాస్త్రవేత్త, మరికొందరు కలిసి చేసిన ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. అత్తిపత్తి కుండీని పదిహేను సెంటీమీటర్ల ఎత్తు నుంచి మెత్తటి దాని మీద పడేట్లు వదిలారు. దెబ్బ తగలదు, అదురు మాత్రం ఉంటుంది. మొదట మొక్క ముడుచుకున్నది. అట్లా 60 సార్లు వరుసగా వదిలితే, కొన్నిసార్ల తర్వాత ముడుచుకోవడం మానేసింది. అలసిపోయిందేమో అనుకుని వేరే రకంగా కుదిపి చూస్తే వెంటనే ముడుచుకున్నది. 28 రోజులు వదిలేసి మళ్లీ పరీక్షిస్తే, ఆ పడటం ప్రమాదం కాదన్న సంగతి దానికి ఇంకా గుర్తున్నట్లే కనిపించింది. ఇంకొక విశేషం వినండి. వెలుతురు తక్కువ ఉన్నచోట పెరిగిన మొక్కలు ఈ పాఠాన్ని త్వరగా నేర్చుకున్నాయి. సంపాదన తక్కువ ఉన్నవాడు దండగ ఖర్చును త్వరగా మానుకున్నట్లన్నమాట.

అమెరికాలోని కరోలినా ప్రాంతపు బురదనేలల్లో ఈగలను పట్టే ఒక మొక్క ఉన్నది. వీనస్ ఫ్లైట్రాప్ అంటారు. దాని ఆకు రెండు దవడల మాదిరిగా ఉంటుంది, లోపల సన్నని వెంట్రుకలు. ఈగ ఒక్కసారి వెంట్రుకను తాకితే ఆకు మూసుకోదు. గాలికి రాలిన చెత్త కావచ్చు గదా. సుమారు 20 సెకన్లలోపు రెండోసారి తాకితే టప్పున మూసుకుంటుంది. అప్పుడు కూడా జీర్ణరసం వెంటనే పోయదు. ఈగ లోపల గింజుకుని అయిదు సార్లదాకా తాకితే గాని ఆ ఖరీదైన రసం తయారీ మొదలుపెట్టదని 2016లో జర్మనీ శాస్త్రవేత్తలు ప్రకటించారు. మెదడు లేని మొక్క లెక్కపెట్టి ఖర్చుపెడుతున్నది!

ఇక్కడ పిల్లలకు ఒక హెచ్చరిక. మొక్కకు మెదడు లేదు, నరాలు లేవు. జ్ఞాపకం, భయం అని మనం అనే మాటలు మన సౌకర్యం కోసం అనేవి. ఇదే గాగ్లియానో బృందం 2016లో ఇంకొకటి ప్రకటించింది. గాలి వచ్చిన వైపు వెలుగు వస్తుందని బఠాణీ మొక్కకు అలవాటు చేయవచ్చన్నారు. 2020లో అమెరికాలో ఇంకొకరు ఎక్కువ మొక్కలతో అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. సైన్సు తన హిసాబును రెండోసారి కూడి చూసుకుంటుంది. కూడిక కలవకపోతే దాచిపెట్టదు. ఈ గుణం మన గల్లాపెట్టెకు కూడా రావాలని నా కోరిక. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మొక్క రోజువారీ ఖర్చు ఎట్లా ఉంటుందో చెబుతాను. ఆకుకు అడుగున కంటికి కనిపించని వేల తలుపులుంటాయి. పత్రరంధ్రాలంటాం. అవి తెరిస్తేనే గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి వస్తుంది. దానితోనే ఆహారం వండుకోవాలి. కాని తలుపు తెరవగానే లోపలి నీరు ఆవిరై పోతుంది. మామూలు మొక్కల్లో ఒక్క బొగ్గుపులుసు వాయువు అణువు లోపలికి రావటానికి వందల నీటి అణువులు బయటికి పోతాయి. అందుకే వేసవి మధ్యాహ్నం చాలా మొక్కలు తలుపులు దగ్గరగా వేసుకుంటాయి. రాబడికన్నా పోయేది ఎక్కువైన వేళ దుకాణం తెరిచి కూర్చోవు. నీడన పడి సంపాదన లేని కింది ఆకును పండబార్చి, అందులోని సారం వెనక్కి తీసుకుని రాల్చేస్తాయి.

ఇప్పుడు హోటల్‌లోకి వద్దాం. మనం డబ్బులిచ్చి తినే రుచులన్నీ దాదాపుగా మొక్కల ఆయుధాలే. ఉల్లిగడ్డ కోసేదాకా కన్నీళ్లు రావు. కత్తి పడి కణాలు చితికినప్పుడే, లోపల విడివిడిగా దాచిన రెండు సరుకులు కలిసి ఆ ఘాటు పుడుతుంది. ఆవాల ఘాటు కూడా అట్లాంటిదే. మిరపకాయ కారం మనకు మంట, చిలుకకు తెలియనే తెలియదు. మిరపగింజను ఎలుకలాంటి జంతువు నమిలితే నాశనమవుతుంది, పక్షి మింగితే చెడకుండా దూరంగా వెళ్లి పడుతుంది. అందుకని జంతువును తరిమి, పక్షిని పిలిచే ఏర్పాటు అది. అమెరికాలోని అడవి మిరప మీద పరిశోధించి 2001లో ఈ సంగతి చూపించారు. ఆ అమెరికా మొక్కే పోర్చుగీసువారి ఓడల్లో వచ్చి మన గుంటూరు మిర్చి అయింది. వచ్చే గిరాకీ ఎవరు, రాకూడనివాడు ఎవరు అన్నది మిరప మొక్క ముందే తేల్చుకున్నది!

టీ, కాఫీల్లోని కెఫీన్ సంగతి ఇంకా చిత్రం. ఆకుల్లో అది పురుగులకు విషం. కాని కాఫీ పూలలోను, నిమ్మజాతి పూలలోను తేనెలో అతి కొద్దిగా కెఫీన్ ఉంటుంది. 2013లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఆ కొద్దిపాటి కెఫీన్ కలిసిన తీపి తాగిన తేనెటీగలు ఒక రోజు తర్వాత కూడా ఆ పూల వాసనను గుర్తుపెట్టుకున్నాయి. కెఫీన్ లేని తీపి తాగినవాటితో పోలిస్తే గుర్తున్న ఈగలు మూడు రెట్లు ఎక్కువ. అంటే వచ్చిన గిరాకీ మళ్లీ వచ్చేట్లు చేసే విద్య పువ్వుకు తెలుసు. పొద్దున నిద్ర లేచి మొహం కడుక్కుని ఎదుటి చాయ్ హోటల్‌కే నడిచే మన పెద్దలను చూస్తే నాకు ఆ తేనెటీగలే గుర్తుకొస్తాయి. ఎవరూ కోపగించుకోకండి.

నవ్వుకున్నాం. ఇక లెక్క చూద్దాం. హోటల్ కూడా మొక్క వంటిదే. తోపుడుబండి గిరాకీ ఉన్నచోటికి పోతుంది. హోటల్ పోలేదు. అడ్వాన్సు కట్టి, పొయ్యి వేసి, బల్లలు వేశాక వేరు దిగినట్లే. రోడ్డు మళ్లించినా, బస్టాండు మారినా, ఎదురుగా పెద్ద హోటల్ లేచినా అక్కడే ఉండి తట్టుకోవాలి. కనుక నాటకముందే లెక్క వేయాలి.

ఒక చిన్న బిర్యానీ హోటల్ ఉన్నదనుకుందాం. ఇవి ఊహించి చెప్పే అంకెలు, ఎవరి హోటల్‌వీ కావు. నెలకు మల్గీ కిరాయి 30,000. జీతాలు 90,000. కరెంటు, నీళ్లు, చిల్లర మల్లర 15,000. మొత్తం 1,35,000. అంటే రోజుకు 4,500 రూపాయలు. ఒక్క మనిషి లోపలికి రాకపోయినా ఈ ఖర్చు తప్పదు. ప్లేటు ధర 150. అందులో బియ్యం, మాంసం, నూనె, మసాలా, గ్యాసు కలిసి 90. ప్లేటుకు మిగిలేది 60. 4,500ను 60తో భాగించండి పిల్లలూ. 75. రోజుకు 75 ప్లేట్లు అమ్మేదాకా యజమాని తన కోసం కాదు, మల్గీ యజమాని కోసం, జీతాల కోసం వండుతున్నాడు. డెబ్బయ్యారో ప్లేటు నుంచే నఫా. 100 ప్లేట్లు అమ్మితే రోజుకు 1,500 లాభం. 60 అమ్మితే 900 నుక్సాన్. సాయంత్రం రెండు రోజుల్లోనూ గల్లాలో నోట్లు కనిపిస్తాయి. లాభం ఏదో, నష్టం ఏదో నోట్లను చూస్తే తెలియదు. కాగితం మీద రాస్తేనే తెలుస్తుంది.

ఎదుటివాడు తగ్గించాడని ఇతను ధర 130కి దించాడనుకోండి. ఇరవై రూపాయలే గదా అనిపిస్తుంది. కాని మిగిలేది 60 నుంచి 40కి పడింది. ఇప్పుడు గట్టెక్కాలంటే 75 కాదు, 113 ప్లేట్లు కావాలి. రాత్రి 10 ప్లేట్లు మిగిలి పారబోస్తే 900 పోయింది. దాన్ని పూడ్చటానికి ఇంకో 15 ప్లేట్లు అమ్మాలి. ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుని ఇంటికి చేర్చే కంపెనీలు వందకు 25 చొప్పున కోస్తే, 150లో 37 రూపాయల యాభై పైసలు పోయి, మిగిలేది 22 రూపాయల యాభై పైసలే. అన్నీ ఆ దారినే అమ్మేవాడికి రోజుకు 200 ప్లేట్లు వెళ్తే గాని ఖర్చులు రావు. ఆ దారి చెడ్డదని నేను అనను. ఎట్లాగూ పొయ్యి వెలిగి ఉన్నది, మనుషులు ఖాళీగా ఉన్నారు అనుకున్నప్పుడు అదనంగా వచ్చే ప్లేటుకు అది మేలే. దాని మీదే బతుకుదామనుకుంటే మాత్రం లెక్క వేరు.

"మాస్టర్ సాబ్, మల్గీ మాదే, కిరాయి లేదు" అంటారు కొందరు. ఉన్నది. మీరు హోటల్ పెట్టకుండా ఇంకొకరికి ఇస్తే నెలకు 30,000 వచ్చేది గదా. ఆ డబ్బు మీ హోటల్ తింటున్నది. హైదరాబాదు ఇరానీ హోటళ్ల కథలో ఇది కూడా ఉన్నది. ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలు వీధి మలుపుల్లో, రెండు రోడ్లకూ కనిపించేట్లు ఆ హోటళ్లు పెట్టాయి. ఒక్క చాయ్‌తో గంట కూర్చున్నా లేపేవారు కాదు. కిరాయి తక్కువ ఉన్నంతకాలం ఆ మర్యాద సాగింది. నేల ధర పెరిగాక, చాయ్ కన్నా ఆ మలుపే ఎక్కువ ఖరీదైనదయింది. చాలా మూతపడి వేరే దుకాణాలయ్యాయి. చాయ్ రుచి తగ్గి కాదు సుమా.

ఇంకొక పోలిక చెప్పాలి. ఈ రోజు ఆకు మీద పడకుండా పోయిన ఎండ మళ్లీ రాదు. రేపటి ఎండ రేపటిదే. హోటల్ కుర్చీ కూడా అంతే. బియ్యం మిగిలితే రేపు వండవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఖాళీగా ఉన్న కుర్చీని రేపు అమ్మలేం. అందుకే రద్దీ రెండు గంటలూ త్వరగా వడ్డించేవాడు బాగుపడతాడు. గిరాకీ లేని గంటల్లో పొయ్యి, మనుషులు, లైట్లు తగ్గించుకునేవాడు నిలబడతాడు. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకునే ఆకును గుర్తుంచుకోండి.

హోటళ్లలో వందకు తొంభై ఏడాదిలోనే మునుగుతాయని ఒక మాట అమెరికాలో చాలాకాలం తిరిగింది. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరపు హోటళ్లను లెక్కించి 2005లో ప్రకటించిన పరిశోధన ఆ మాట తప్పని చూపింది. మొదటి ఏడాది పోయినవి నాలుగింట ఒకటి. మూడేళ్లలో పోయినవి పదింట సుమారు ఆరు. తొంభై కాదని సంతోషించాలా, అరవై అని భయపడాలా, మీరే చెప్పండి. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి దుబాయిలో తొమ్మిదేళ్లు కష్టపడి వచ్చి హోటల్ పెట్టాడు. వంట బాగుండేది. ప్రారంభం రోజు ఊరంతా వచ్చింది. పదకొండు నెలలకు మూసేశాడు. ఏడో నెల నుంచే నష్టమని అతనికి తెలుసు. "మూస్తే నలుగురూ ఏమంటారు" అని మిగతా నాలుగు నెలలు అమ్మీ గాజులు అమ్మి నడిపాడు. హోటల్ పోయినందుకు కాదు నా బాధ, ఆ గాజులు పోయినందుకు. ఎండిన కొమ్మకు మొక్క నీరు పోయదు. ఇక్కడ మొక్కకన్నా మనకే వీలు ఎక్కువ. అది చోటు వదలలేదు, మనం వదలగలం. వేళకు మూసుకోవడం అవమానం కాదు. అది కూడా హిసాబే.

చివరిగా పనివాళ్ల సంగతి. పంతులుగా నేను చెప్పక తప్పని మాట ఇది. మెక్సికో, మధ్య అమెరికాల్లో మన తుమ్మకు చుట్టమైన ఒక చెట్టు ఉన్నది. ఉబ్బిన ముళ్లలో చీమలకు ఇల్లిస్తుంది, తేనె ఇస్తుంది. చీమలు కాపలా కాసి వేరే పురుగులను తరిమేస్తాయి. మంచి బేరమే అనిపిస్తుంది. కాని 2014లో తేలినది ఏమిటంటే, ఆ చెట్టు తేనెలోని ఒక పదార్థం వల్ల చీమకు మామూలు చక్కెరను అరిగించుకునే శక్తి పోతుంది. ఇక అది ఆ చెట్టు తేనె తప్ప ఇంకొకటి తాగలేదు. కట్టుబడి ఉండిపోతుంది. సోయా చిక్కుడు పద్ధతి వేరు. దాని వేళ్ల బుడిపెల్లో నత్రజని ఇచ్చే సూక్ష్మజీవులుంటాయి. పని చేసే బుడిపెకు సరఫరా బాగా ఇచ్చి, చేయనిదానికి తగ్గిస్తుందని 2003లో చూపారు.

మన హోటళ్లలో ఏ పద్ధతి నడుస్తున్నదో మీరే ఆలోచించండి. పల్లె నుంచి వచ్చిన కుర్రవాడి తండ్రికి అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా కదలకుండా కట్టేయడం ఆ చెట్టు తేనె వంటిదే. చీమకు చట్టం లేదు, మనిషికి ఉన్నది. వెట్టిచాకిరీని 1976 చట్టం రద్దు చేసింది. 14 ఏళ్లలోపు పిల్లలను హోటల్ పనిలో పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం. 2016 సవరణతో ఆ నిషేధం ఇంకా గట్టిపడింది. అయినా ఏడో తరగతి హాజరు పిలిచేటప్పుడు జవాబు రాని పేర్లలో ఒకటి రెండు ఏ హోటల్ వెనక గ్లాసులు కడుగుతున్నాయో నాకు తెలుసు. "చేతికింద చవకగా ఉంటాడు" అంటారు. చవక కాదు. అతని ఖర్చు మీ చిట్టాలో లేదు, ఆ పిల్లవాడి జీవితంలో రాసి ఉన్నది. పిల్లవాడి జీతం సరిగ్గా పెద్దవాడి జీతంగా వేసి చూడండి. అప్పుడు 75 ప్లేట్లు 85 అయితే, మీ హోటల్ అసలు లెక్క 85. 85 అమ్మలేనిచోట హోటల్ పెట్టకండి.

పిల్లలకు రెండు పనులు చెప్పి ముగిస్తాను. రేపు కాలువ గట్టున అత్తిపత్తిని తాకి, ఆకులు మళ్లీ విచ్చుకోవటానికి ఎన్ని నిమిషాలు పడుతుందో రాసుకురండి. అట్లాగే బళ్లో సెలవున్న రోజున అబ్బా హోటల్‌కో, మామూ హోటల్‌కో పోయి, పని ముట్టుకోకుండా ఒక మూల కూర్చుని, గంటగంటకూ ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో లెక్కపెట్టి నోటుబుక్కులో రాయండి. ఆ కాగితం రాత్రికి అబ్బాకు చూపించండి. పెద్దలు కోప్పడకుండా చూడండి. దానిమీద మీరు ఇంతవరకు చూడని అంకెలుంటాయి.